అంచు కట్టని గంప

విజయవాడ ఆటోనగర్ వెనక సందులో ఉన్న ఆ మూడంతస్తుల పాత మేడకి మునిసిపాలిటీ నీళ్లు రోజూ పొద్దున ఒక్కసారే వస్తాయి. వచ్చే వేళ ఇదీ అని చెప్పడానికి లేదు. అందుకని ఆ మేడలోని వాళ్లంతా, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే, ఆ కాపలా పని రావమ్మకి అప్పగించేశారు. ముసలామె రెండో అంతస్తు వరండాలో పీట వేసుకుని కింద కుళాయి వంక చూస్తూ కూర్చుంటుంది. కుళాయి గురగురమనగానే కేక వేస్తుంది. ఆ కేకకి తలుపులు తెరుచుకుంటాయి, బిందెలు బయలుదేరతాయి.

ఆ రోజు ఏ ధ్యాసలో ఉందో ఏమో, కేక వేరేగా వచ్చింది. "తణ్ణి, తణ్ణి" అంది రావమ్మ బొంగురు గొంతుతో.

ఎదురు వాటాలోని పద్మావతమ్మ బిందె చంకన పెట్టుకుని వచ్చి ఆగింది. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఎవరింట్లో ఏం కూరో తెలియకపోతే ఆ పూట అన్నం సహించని మనిషి, అంతే.

"మీ అమ్మగారు అరవం మాట్లాడతారేంటండీ తిరుపతిరావుగారూ?" అని అడిగింది.

షాపుకి బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటున్న తిరుపతిరావు తల ఎత్తలేదు. "అవునండీ. మా అమ్మ తరఫు వాళ్లు మద్రాసు వైపు నుంచి వచ్చారు" అన్నాడు.

"అదీ సంగతి. నేను ముందే అనుకున్నాను" అంటూ పద్మావతమ్మ తృప్తిగా మెట్లు దిగింది.

తిరుపతిరావు కూతురు బ్లెస్సీ గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నది. ఆమె నాయనమ్మ వంక చూసింది. రావమ్మ పీట మీదే కూర్చుని, తప్పు చేసిన పసిపిల్లలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిరుపతిరావు మెట్లు దిగి వెళ్లిపోయాడు.

చూడబోతే ఇది చాలా చిన్న అబద్ధం. దీనివల్ల ఎవరికీ నష్టం లేదు. మనలో చాలామంది పొద్దున కాఫీ తాగేలోపే ఇంతకన్నా పెద్దవి ఆడేస్తాం. కానీ ఒక మనిషి తన కన్నతల్లి నోట వచ్చిన మాటకి ఇంకో ఊరి పేరు ఎందుకు తగిలించవలసి వచ్చింది? ఆ ప్రశ్నకి జవాబు ఆ వరండాలో దొరకదు. దానికోసం కొండపల్లి కొండ కిందికి, ముప్పై ఏళ్ల వెనక్కి వెళ్లాలి.

రావమ్మవాళ్లు ఎరుకలవాళ్లు. కొండ మీది వెదురు కొట్టుకొచ్చి, దబ్బలుగా చీల్చి, గంపలూ తట్టలూ చేటలూ అల్లి అమ్ముకునే కుటుంబం. మామిడికాయల కాలం వస్తే తోటలవాళ్లు వాళ్ల గుడిసె ముందు కాచుకుని కూర్చునేవారు. వాళ్లకి ఒక భాష ఉంది. దాన్ని కుర్రు అంటారు. దానికి లిపి లేదు. వినేవాళ్లకి కాసేపు అరవంలా, కాసేపు తెలుగులా అనిపిస్తుంది కానీ అది ఆ రెండూ కాదు, దాని తీరు దానిదే. రావమ్మ పుట్టి బుద్ధెరిగాక మొదట పలికింది ఆ భాషలోనే.

తెల్లదొరల కాలంలో ఒక చట్టం ఉండేది. కొన్ని కులాల్లో పుట్టినవాళ్లంతా పుట్టుకతోనే దొంగలని అది తీర్మానించింది. పిల్లా జెల్లా అందరూ పోలీసుల దగ్గరికి వెళ్లి హాజరు వేయించుకోవాలి. పక్క ఊరికి పోవాలన్నా చీటీ ఉండాలి. ఎరుకలవాళ్లని కూడా అందులో చేర్చారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక ఆ చట్టం పోయింది. అయితే అది కాగితం మీద పోయినంత తొందరగా మనుషుల కళ్లలోంచి పోలేదు. అందుకు సిగ్గుపడవలసింది ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

తిరుపతిరావు కుర్రతనంలో ఆటోనగర్‌లో ఒక లారీ బాడీలు కట్టే షెడ్డులో పని నేర్చుకోవడానికి చేరాడు. ఒకనాడు తండ్రి ఏడుకొండలు కొడుక్కి అన్నం క్యారేజీ తెచ్చాడు. తండ్రీ కొడుకులు షెడ్డు గుమ్మంలో నిలబడి, ఇంట్లో మాట్లాడుకునే మాటే మాట్లాడుకున్నారు. అక్కడున్నవాళ్లు విన్నారు. ఎవరో ఆ భాషని గుర్తుపట్టారు. ఆ వారంలోనే షెడ్డులో బ్యాటరీలు పోయాయి. ఎవరూ ఏమీ చూడలేదు, ఎవరి దగ్గరా ఏమీ దొరకలేదు. అయినా స్టేషన్‌కి తీసుకెళ్లింది మాత్రం ఏడుకొండలునీ అతని కొడుకునీ. బ్యాటరీలు తీసింది యజమాని బావమరిదేనని తరవాత తేలింది. అప్పటికే ఏడుకొండలు ఎడమచెయ్యి సరిగా లేవకుండా పోయింది. వెదురు చీల్చేవాడికి చెయ్యి పోతే ఇంక ఏముంటుంది?

స్టేషన్ నుంచి ఇంటికి వచ్చిన రోజు ఏడుకొండలు భార్యనీ కొడుకునీ కూర్చోబెట్టి చెప్పాడు. ఈ మాట ఇక మన గడప దాటకూడదు. నీకు పుట్టే పిల్లలకి అసలు రాకూడదు. ఆ చెప్పడం కూడా తెలుగులోనే చెప్పాడు. ఆ తరవాత ఆయన బతికిన కాలమంతా కుర్రులో ఒక్క మాట మాట్లాడలేదు. తిరుపతిరావు ఆ మాటని దేవుడి మాటలా పట్టుకున్నాడు. ఎవరైనా అడిగితే మద్రాసు అనేవాడు. కూతురు అడిగితే, "అది సరైన భాష కాదమ్మా, అరవం చెడిపోతే అలా అయింది" అనేవాడు. బ్లెస్సీకి పసితనంలోనే తల్లి పోయింది. నాయనమ్మే పెంచింది. అయినా రావమ్మ ఆ పిల్లకి తెలుగులోనే గోరుముద్దలు పెట్టింది, తెలుగులోనే జోకొట్టింది. వంటింట్లో ఒక్కతే ఉన్నప్పుడు మాత్రం గిన్నెలతోనూ పొయ్యితోనూ తన మాటలో మాట్లాడుకునేది.

బ్లెస్సీ డిగ్రీ అయ్యాక ఒక విశ్వవిద్యాలయం వాళ్ల పనిలో చేరింది. మాట్లాడేవాళ్లు తగ్గిపోతున్న భాషల్ని పెద్దవాళ్ల గొంతులోనే రికార్డు చేసి, ముందు తరాలకి దాచిపెట్టే పని అది. దాన్ని నడిపే హెలెన్ మేడం కూడా ఎరుకల కుటుంబంలోంచి వచ్చిన మనిషే. చేరిన కొత్తలో ఆవిడ ఒక ముసలామె గొంతు వినిపించింది. బాపట్ల వైపు ఒక పేటలో రికార్డు చేసిన గొంతు అది. వింటూ వింటూ బ్లెస్సీ చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేసింది. అది తమ వంటింట్లో నాయనమ్మ గిన్నెలతో మాట్లాడే మాట.

"ఇది చెడిపోయిన అరవం కాదా మేడం?" అని అడిగింది.

"ఎవరు చెప్పారమ్మా నీకు?" అంది హెలెన్.

చెప్పింది తన తండ్రేనని బ్లెస్సీ ఎలా అంటుంది?

సరిగ్గా ఆ రోజుల్లోనే రావమ్మ బొంగురు గొంతు సంగతి బయటపడింది. చాలాకాలంగా జలుబనీ, ఎండ తగిలిందనీ సరిపెట్టుకుంటూ వచ్చారు. పెద్దాసుపత్రిలో చూపిస్తే స్వరపేటికలో గడ్డ ఉందన్నారు. మనిషి దక్కాలంటే ఆ భాగం తీసెయ్యాలి. డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. "ప్రాణానికి భయం లేదు. కానీ ఆపరేషన్ తరవాత మామూలుగా మాట్లాడటం ఉండదు. చెప్పుకోవలసినవేమైనా ఉంటే ముందే చెప్పుకోనివ్వండి." వచ్చే సోమవారానికి మంచం ఖాయం చేశారు.

బస్సులో ఇంటికి వస్తూ రావమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కొంతసేపయ్యాక మనవరాలి చెయ్యి పట్టుకుని, "పోనీలేవే. ఇన్నాళ్లూ మూసుకున్న నోరే కదా" అంది.

ఆ మాట బ్లెస్సీ గుండెలో ముల్లులా దిగింది. బందరు కాలవ దాటేలోపే ఆ పిల్ల నిశ్చయించుకుంది. సోమవారం లోపల నాయనమ్మ మాటని దాచాలి. ఎవరు కాదన్నా దాచాలి.

మొదట కాదన్నది తండ్రే.

"పిచ్చిపిచ్చిగా మాట్లాడకు. అమ్మ ఆపరేషన్‌కి పోయే మనిషి. విశ్రాంతిగా ఉండనీ" అన్నాడు తిరుపతిరావు.

"నాయనమ్మకి ఇష్టమే నాన్నా."

"మీ నాయనమ్మకి ఏం తెలుసు? ఆ రికార్డులు ఎక్కడెక్కడికి పోతాయో నీకు తెలుసా? పేరుంటుంది, ఊరుంటుంది, కులం ఉంటుంది. రేపు నా షాపు పక్కన ఒక బోల్టు పోయినా వెతుక్కుంటూ నా దగ్గరికే వస్తారు. నువ్వు చూళ్లేదు. నేను చూశాను."

"పేరు వద్దంటే పెట్టరు నాన్నా. ముందే అడుగుతారు."

"మీ తాతకి మాటిచ్చాను" అని తిరుపతిరావు కంచం ముందు నుంచి లేచిపోయాడు. అతను కోపిష్టి కాదు. ఆ లేవడంలో ఉన్నది భయం. భయపడేవాడితో వాదించడం కష్టం, ఎందుకంటే అతని దగ్గర సాక్ష్యం ఉంది.

అయినా మర్నాడు తండ్రి షాపుకి వెళ్లాక బ్లెస్సీ పని మొదలుపెట్టింది. శిక్షణలో నేర్పినట్టే నాయనమ్మని కుర్చీలో కూర్చోబెట్టింది, ఫోను ఎదురుగా పెట్టింది, పెన్ను తీసి, కాగితంలోని మాటలు ఒక్కొక్కటీ అడగసాగింది. తల్లిని ఏమంటారు? అన్నాన్ని ఏమంటారు? చెట్టుని ఏమంటారు? రావమ్మ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని బిగుసుకుపోయింది. అడిగినవాటికల్లా తెలుగులోనే జవాబిచ్చింది. అమ్మ. అన్నం. చెట్టు. రెట్టించి అడిగితే, "నాకేం తెలవదండీ" అంది. సొంత మనవరాలిని అండీ అంది.

బ్లెస్సీకి అప్పుడు తెలిసింది తను చేసిన తప్పేమిటో. ఈ ముసలామెని ఎదురుగా కూర్చోబెట్టి, కాగితం పట్టుకుని, ఒక్కొక్క ప్రశ్నే అడిగిన పోలీసులు ఇంతకుముందు కూడా ఉన్నారు. వాళ్లకి కూడా ఆవిడ ఇదే జవాబు చెప్పి ఉంటుంది. బ్లెస్సీ కాగితం మడిచి అవతల పారేసింది. నాయనమ్మ ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. రావమ్మే ఆ పిల్ల తల నిమిరి ఊరుకోబెట్టవలసి వచ్చింది.

ఆ మధ్యాహ్నం బ్లెస్సీ కొండపల్లి వెళ్లింది. పాత పేటలో ఇప్పుడు అల్లేవాళ్లు లేరు. ప్లాస్టిక్ ట్రేలు వచ్చాక అందరూ థర్మల్ స్టేషన్‌లో కాంట్రాక్టు కూలికో, తాపీపనికో పోయారు. ఎలాగో ఒక వెదురు అడితి పట్టుకుని పచ్చివి రెండు కొన్నది. ఆటో ఎక్కమంటే ఎక్కమని మొండికేసిన ఆ రెండు వెదుళ్లనీ సగానికి కోయించి, ముందూ వెనకా తోకల్లా వేలాడుతుంటే, దారి పొడవునా బస్సుల డ్రైవర్ల చేత తిట్లు తింటూ విజయవాడ చేర్చింది. మేడ మీదికి మోసి, చీల్చే కత్తి నాయనమ్మ ముందు పెట్టింది.

రావమ్మ వెదురుని వేలితో తట్టి చెవి ఒగ్గింది. ఏదో అంది. అన్నది కుర్రులో. తనకే తెలియకుండా అంది. తరవాత మనవరాలి కోసం తెలుగులో చెప్పింది. "పున్నమి రోజుల్లో కొట్టిందే ఇది. పురుగు పడతది. అమావాస్య ముందు కొట్టాల. ఎవురికీ తెలవట్లా ఇప్పుడు."

ఆ తరవాత ఆవిడని ఎవరూ ఏమీ అడగవలసిన అవసరం రాలేదు. కత్తి వెదురులో దిగుతుంటే మాటలు వాటంతటవే వచ్చాయి. పైతోలు దబ్బకి ఒక పేరు, లోపలి దబ్బకి ఒక పేరు, కణుపు దగ్గర విరిగిపోయినదానికి ఒక పేరు. దానికి తిట్టు కూడా ఉంది. చేపల గంపకి సందులు ఎంత వదలాలో, మామిడి గంప అడుగు ఎందుకు గుండ్రంగా ఉండకూడదో, కోళ్లని కమ్మే గంపకి లేత వెదురు ఎందుకు పనికిరాదో, చేతులు చేస్తూ పోతుంటే నోరు చెప్పుకుంటూ పోయింది. బ్లెస్సీ ఫోనుని పీట కింద పెట్టి, దబ్బలు అందిస్తూ కూర్చుంది. ఆ గొంతు ఎంత బొంగురుగా ఉందో అంత సంతోషంగా ఉంది. రెండు రోజులు అలాగే గడిచాయి. సాయంత్రం తండ్రి వచ్చేలోపు అన్నీ సర్ది దిగిపోయేవారు.

శుక్రవారం నాటికి గంప అంచు దాకా వచ్చింది. అక్కడ రావమ్మ ఆగిపోయింది.

"ఇక్కణ్ణించి ఇద్దరు కావాల" అంది.

"నేనున్నాగా నాయనమ్మా."

"చేతులకి నువ్వు సరిపోతావే. జవాబుకి సరిపోవు."

అప్పుడు చెప్పింది, తన అత్తవారింటి పద్ధతి. పెద్ద గంపకి అంచు కట్టాలంటే ఒకరు లావుపాటి పచ్చిబద్దని వంచి అదిమి పట్టాలి, రెండోవారు సన్న దబ్బతో చుట్టి లాగి బిగించాలి. ఆ ఇంట్లో బద్ద పట్టేది ఆడమనిషి, బిగించేది మగమనిషి. ఒక్కొక్క చుట్టుకీ ఆడమనిషి కొండ మీది ఒక చోటు పేరు పిలుస్తుంది. ఫలానా గండి, ఫలానా వాగు, ఫలానా బండ. దబ్బ బిగిస్తూ మగమనిషి ఆ చోట ఏముందో చెబుతాడు. నీళ్లుంటాయి, గట్టి వెదురుంటుంది, తేనెపట్టు ఉంటుంది, పాము ఉంటుంది. పక్కన ఆడుకునే పిల్లలు వింటూ వింటూ కొండంతా నేర్చేసుకునేవారు. కొండ ఎక్కకముందే కొండ తెలిసేది.

"మరి జవాబులు నీకు తెలీవా?"

"కొండెక్కేది మగోళ్లు. పిలుపులే నావి. జవాబులన్నీ మీ తాతవి." రావమ్మ చేతిలో దబ్బ కింద పెట్టి, "ఇంకోడికి తెలుసు. చిన్నప్పుడు మీ తాత పక్కన కూకుని వాడే చెప్పేవాడు" అంది.

ఆ ఇంకొకడెవరో బ్లెస్సీకి తెలిసిపోయింది.

పిలుపులు తల్లి దగ్గర, జవాబులు కొడుకు దగ్గర ఉన్నాయి. తల్లికి గొంతు ఉండేది ఇంక రెండు రోజులు. అంచు కట్టని గంప దబ్బలు పైకి లేపుకుని మేడ మీద అలాగే ఉండిపోయింది. ఆ సాయంత్రం బట్టలు తీసుకోవడానికి మేడెక్కిన పద్మావతమ్మ దాన్ని చూసింది. మెట్ల మీద తిరుపతిరావు ఎదురైతే, "మద్రాసువాళ్లు గంపలు కూడా అల్లుతారా అండీ?" అని అడిగింది. అందులో ఎత్తిపొడుపు లేదు, ఉత్త కుతూహలమే. తిరుపతిరావుకి మాత్రం కాళ్ల కింద మెట్టు కదిలినట్టయింది.

ఇంట్లోకి వెళ్లి అతను కేకలు వెయ్యలేదు. బ్లెస్సీయే ముందుగా జరిగినదంతా చెప్పేసింది. చివర, "జవాబులు నీ ఒక్కడికే తెలుసట నాన్నా" అంది. అతను విని, పక్క గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

శనివారం షాపులో అతనికి పని సాగలేదు. అతని టింకరింగ్ షెడ్డుని ఆనుకుని అబ్దుల్ రవూఫ్ సీట్లు కుట్టే షాపు ఉంది. ఇద్దరూ ఒకే షెడ్డులో పని నేర్చుకున్నవాళ్లు. ఆ రోజు పోలీసులు ఏడుకొండలుని తీసుకెళ్తుంటే రవూఫ్ అక్కడే ఉన్నాడు. అందుకే లోకంలో తిరుపతిరావు మద్రాసు కథ చెప్పనక్కరలేని మనిషి అతనొక్కడే. మధ్యాహ్నం అన్నాల దగ్గర తిరుపతిరావు అంతా చెప్పుకున్నాడు.

రవూఫ్ చెయ్యి కడుక్కుని నింపాదిగా కూర్చున్నాడు.

"నేను నా కొడుకులతో ఈ షాపులో ఏం మాట్లాడతాను తిరుపతీ?"

"ఉర్దూ."

"అది విని మొహం చిట్లించే కస్టమర్లు లేరనుకుంటున్నావా? ఉన్నారు. నేను మాట్లాడగానే చేతిలో ఫోను జేబులో పెట్టుకున్నవాణ్ణి కూడా చూశాను. ఆ రోజు ఇంటికెళ్లి బాధపడ్డాను. మర్నాడు షాపు తీసి మళ్లీ అదే మాట్లాడాను. అనుమానం వాడి కళ్లలో ఉంది. నా నోరెందుకు కడుక్కోవాలి?"

"నీ సంగతి వేరు భాయ్. మీరు పదిమంది ఉంటారు. నేను నాన్నకి మాటిచ్చాను."

"ఇచ్చావు. ఆయన ఎందుకు అడిగాడు? నిన్ను కాపాడుకోవడానికి. అప్పుడు నువ్వు కుర్రాడివి, దిక్కులేనివాడివి. ఇప్పుడు నీ షెడ్డు నీది. నీ కూతురు డిగ్రీ చదివింది. ఇంకా ఆ మాట పట్టుకుని ఎవర్ని ఎవర్నించి కాపాడుతున్నావు? సోమవారం డాక్టరు మీ అమ్మ గొంతు తీస్తాడు. అది రోగం, ఎవరం ఏం చెయ్యలేం. కానీ అంతకుముందే ఆమె నోరు మూసింది మాత్రం రోగం కాదుగా."

తిరుపతిరావు తల దించుకున్నాడు. రవూఫ్ ఇద్దరికీ టీ చెప్పాడు.

ఆదివారం పొద్దున మేడ మీద పద్మావతమ్మ పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెడుతోంది. రావమ్మ ఓ మూల నీడలో కూర్చుని, అంచు కట్టని గంప వంక చూస్తోంది. బ్లెస్సీ పక్కనే ఉంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించి ఇద్దరూ తల తిప్పారు. తిరుపతిరావు లుంగీ మడిచి కట్టుకుని వచ్చాడు. పద్మావతమ్మని చూసి ఒక్క క్షణం ఆగాడు. అతను వెళ్లి తల్లి ఎదురుగా గొంతుక్కూర్చుని, నీళ్లలో నానుతున్న సన్న దబ్బ తీసుకుని, వేళ్ల మధ్య లాగి చూసుకున్నాడు. బ్లెస్సీ ఫోనులో రికార్డు నొక్కింది.

రావమ్మ కొడుకు మొహం వంక చూసింది. పచ్చిబద్ద వంచి, మోకాళ్లతో అదిమి పట్టి, మొదటి చోటు పేరు పిలిచింది.

తిరుపతిరావు నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. ముప్పై ఏళ్లు మూసి పెట్టిన తలుపు ఒక్క తోపుకి ఎలా తెరుచుకుంటుంది? తల్లి మళ్లీ పిలిచింది. గొంతు జీరపోయింది. అతను దబ్బ లోపలికి దూర్చి, చుట్టి, బలంగా లాగాడు. ఆ లాగడంతోపాటు జవాబు బయటికి వచ్చింది. తిరుపతిరావే ముందు ఉలిక్కిపడ్డాడు. రావమ్మ ఆగకుండా రెండోది పిలిచింది. జవాబు వచ్చింది. మూడోది పిలిచింది. ఇక ఆ ఇద్దరి మధ్యా కొండ లేచి నిలబడింది. గండి వచ్చింది, వాగు వచ్చింది, ఎలుగుబంటి నీళ్లు తాగే మడుగు వచ్చింది. అతని కళ్లలోంచి నీళ్లు కారి గంపలో పడుతున్నాయి. చేతులు మాత్రం ఆగలేదు.

ఒక్కచోట ఆగిపోయాడు. అదొక బండ పేరు. రావమ్మ మూడుసార్లు పిలిచింది. అతనికి గుర్తు రాలేదు. "రావట్లేదమ్మా" అన్నాడు తెలుగులో. ఆ బండ దగ్గర ఏముందో రావమ్మకి తెలియదు. తెలిసిన ఏడుకొండలు లేడు. ఇక ఆ ఇంట్లో అది ఎవరికీ తెలియదు. రావమ్మ కాసేపు చూసి, తరవాతి చోటు పిలిచింది. బ్లెస్సీ ఆ నిశ్శబ్దాన్ని కూడా రికార్డులో ఉంచేసింది. ఆలస్యం చేస్తే ఏం పోతుందో అది విన్నవాళ్లకి తెలుస్తుంది.

వడియాలు పెట్టడం మానేసి పద్మావతమ్మ ఎప్పటినుంచో వింటోంది. ఉండబట్టలేక దగ్గరికి వచ్చింది.

"ఇది అరవమేనా అండీ? మా మరదలు చెన్నైలోనే ఉంటుంది. ఇలా ఉండదే" అంది.

తిరుపతిరావు దబ్బ బిగించి ముడి వేశాడు. తల ఎత్తి ఆవిడ వంక నేరుగా చూశాడు.

"అరవం కాదండీ. మీతో అబద్ధం చెప్పాను. మేం ఎరుకలవాళ్లం. ఇది మా కుర్రు భాష."

పద్మావతమ్మ మొహంలో ఏదో మెదిలింది. అది ఏమిటో ఆవిడకే సరిగా తెలిసి ఉండదు. "అలాగా" అంది. వడియాల గిన్నె తీసుకుని, చీర సగం ఖాళీగానే వదిలేసి కిందికి దిగిపోయింది. కాసేపటికి కింద ఎవరింటి తలుపో గడియ పడిన చప్పుడు వినిపించింది. తిరుపతిరావు చెయ్యి క్షణం పాటు ఆగింది.

"అమ్మా, తరవాతిది పిలువు" అన్నాడు కుర్రులో.

మధ్యాహ్నానికి అంచు పూర్తయింది. రికార్డు ఆపబోతుంటే తిరుపతిరావు కూతురిని ఆపాడు. ఫోను దగ్గరికి జరిగి, ఒకనాడు పోలీసు స్టేషన్‌లో చెప్పినట్టు కాకుండా, గొంతు సవరించుకుని నిదానంగా తన తండ్రి పేరు, తల్లి పేరు, తన పేరు, కొండపల్లి పేట పేరు చెప్పాడు. "మీ మేడంతో చెప్పు. పేర్లు తీసెయ్యొద్దు" అన్నాడు.

సోమవారం ఆపరేషన్ జరిగింది. రావమ్మ దక్కింది. మెడకి కట్టుతో ఇంటికి వచ్చింది. మాట లేదు. కావలసింది చేత్తో చూపిస్తుంది. సాయంత్రాలు బ్లెస్సీ ఆ రికార్డు పెడితే తన గొంతు తనే వింటూ తల ఊపుతుంది. రాత్రి భోజనాల దగ్గర తిరుపతిరావు కూతురికి రోజుకో చోటు పేరు, దాని జవాబు నేర్పుతున్నాడు. తప్పు పలికితే దిద్దేది రావమ్మే, చెంచాతో కంచం మీద కొట్టి. హెలెన్ మేడం కొండపల్లి పేటలోని ఇంకో ముగ్గురు ముసలివాళ్లని వెతికి పట్టుకుంది. ఆ బండ దగ్గర ఏముందో అడగడానికి వచ్చేవారం తిరుపతిరావు కూడా వెళుతున్నాడు.

ఇంటికి వచ్చిన రెండో రోజు పొద్దున రావమ్మ మళ్లీ వరండాలో పీట వేసుకుని కూర్చుంది. కింద కుళాయి గురగురమంది. ఆవిడ అలవాటు చొప్పున నోరు తెరిచింది. చిన్న చప్పుడు కూడా రాలేదు. ఆవిడ కళ్లు దిక్కుతోచక కొడుకు కోసం వెతికాయి.

చెప్పులు వేసుకుంటున్న తిరుపతిరావు వాటిని వదిలేసి వచ్చాడు. వరండా కమ్మీ పట్టుకుని, మేడ మేడంతా వినబడేలా పిలిచాడు.

"తణ్ణి, తణ్ణి."

కొంతసేపు ఏ తలుపూ కదల్లేదు. తరవాత ఎదురు వాటా గడియ తీసిన చప్పుడైంది. పద్మావతమ్మ బిందె చంకన పెట్టుకుని బయటికి వచ్చింది. తిరుపతిరావు వంక చూడటానికి కొంచెం మొహమాటపడింది. రావమ్మ దగ్గర ఆగి, "వచ్చిందా పిన్నిగారూ, తణ్ణి?" అని అడిగింది. రావమ్మ నవ్వుతూ తల ఊపింది.

ఒక ఇంటి మాట బతకాలంటే ఆ ఇంటివాళ్లు దాన్ని భయపడకుండా పలకాలి, ఎదురింటివాళ్లు దాన్ని అనుమానించకుండా వినాలి; ఆ రెండో పని మనది.